విశాఖ నుంచి జామ్‌నగర్‌కి విమానంలో ఎంతసేపు? లెక్క మీరే వేసుకోండి

బావకి గుజరాత్‌లోని జామ్‌నగర్ ట్రాన్స్‌ఫర్ అయిందని అక్క ఫోన్ చేసిన రోజు అమ్మ అడిగిన మొదటి మాట, "విమానం ఉందా?" రెండో మాట, "ఎంతసేపు పడతాదేటి?" నేను ఫోన్‌లో వెతికి, ఎక్కడో 797 అనే అంకె చూసి, "ఎనిమిది వందల కిలోమీటర్లే అమ్మా, గంటన్నరలో దిగిపోవచ్చు" అని చెప్పేశాను. అవి కిలోమీటర్లు కావు, నాటికల్ మైళ్లు. పైగా నేరుగా వెళ్లే విమానమే లేదు. గంటన్నర అని చెప్పిన ప్రయాణానికి తీరా పొద్దున్న బయల్దేరితే సాయంత్రమైంది. అమ్మ ఇప్పటికీ ఆ గంటన్నర మాట ఎత్తి దెప్పుతూనే ఉంటుంది.

విశాఖలో సింధియా, మల్కాపురం వైపు ఏ నేవీ క్వార్టర్స్‌లో అడిగినా వల్సురా తెలియనివాళ్లు ఉండరు. జామ్‌నగర్‌లో ఉన్న నేవీ ఎలక్ట్రికల్ ట్రైనింగ్ స్కూలు అది. కోర్సుకి వెళ్లేవాళ్లు, వాళ్లని చూడడానికి వెళ్లే అమ్మానాన్నలు ఇక్కడ ఎప్పుడూ ఉంటారు. ఢిల్లీకో బెంగళూరుకో అయితే టికెట్ సైటే అన్నీ చెప్పేస్తుంది, మనం బుర్ర పెట్టక్కర్లేదు. ఇలా దేశానికి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి చిన్న ఎయిర్‌పోర్టులు ఉన్నప్పుడే లెక్క అవసరమవుతుంది. జామ్‌నగర్‌ని ఉదాహరణగా తీసుకుని చెబుతాను. మీ ఊరు జోధ్‌పూర్ అయినా, డిబ్రూగఢ్ అయినా పద్ధతి ఇదే.

మొదటి పని: రెండు ఎయిర్‌పోర్టులూ మ్యాప్‌లో ఎక్కడున్నాయో పట్టుకోండి

ఊరి పేరుతో కాకుండా ఎయిర్‌పోర్టు కోడ్‌తో వెతకండి. విశాఖది వీటీజెడ్, జామ్‌నగర్‌ది జేజీఏ. ఊరి పేరు టైప్ చేస్తే సగంలోనే జంషెడ్‌పూర్, జబల్‌పూర్ అంటూ ఏవేవో వచ్చి కూర్చుంటాయి. తొందరలో వేలు దేని మీద పడుతుందో చెప్పలేం.

మ్యాప్‌లో ఎయిర్‌పోర్టు రన్‌వే మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలు వస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. విశాఖకి 17.7, 83.2 అని వస్తాయి. జామ్‌నగర్‌కి 22.5, 70.0. చుక్క తర్వాత ఇంకా చాలా అంకెలు ఉంటాయి, మన పనికి ఒక్కటి చాలు.

ఈ పిన్ను పెట్టి ఉండగానే కింద "దూరం కొలవండి" అనే ఆప్షన్ ఉంటుంది. కంప్యూటర్‌లో అయితే రైట్ క్లిక్ చేస్తే వస్తుంది. దాన్ని నొక్కి రెండో ఎయిర్‌పోర్టు దాకా గీత లాగితే దూరం చెప్పేస్తుంది. అక్కడితో ఆగిపోవచ్చు. కానీ చేత్తో ఒకసారి లెక్క వేస్తే ఇకమీదట ఏ సైట్ ఏ అంకె చూపించినా తప్పో ఒప్పో చూడగానే తెలిసిపోతుంది. నాకు ఆ 797 దగ్గర తెలియాల్సింది అదే.

రెండో పని: కాగితం మీద దూరం

భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. దాన్ని 360 డిగ్రీలతో భాగిస్తే ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్లు. ఉత్తర దక్షిణాలకి ఈ లెక్క ఎక్కడైనా దాదాపు ఇంతే. తూర్పు పడమరలకి మాత్రం చిన్న మెలిక ఉంది. నారింజ పండు తొనలు నడుం దగ్గర వెడల్పుగా ఉండి తొడిమ దగ్గరికి వచ్చేసరికి సన్నబడతాయి కదా, రేఖాంశాలు కూడా అంతే. భూమధ్యరేఖ దగ్గర 111 ఉన్నది పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో తెలియాలంటే ఆ అక్షాంశం కొసైన్‌తో గుణించాలి. పదో తరగతి త్రికోణమితి గుర్తులేకపోయినా పర్వాలేదు, ఈ నాలుగు అంకెలు రాసి పెట్టుకుంటే మన దేశంలో చాలా ప్రయాణాలకి సరిపోతాయి: 18 డిగ్రీల దగ్గర 0.95, 20 దగ్గర 0.94, 25 దగ్గర 0.91, 30 దగ్గర 0.87.

ఇప్పుడు మన లెక్క. అక్షాంశాల తేడా 22.5 లోంచి 17.7 తీస్తే 4.8. రేఖాంశాల తేడా 83.2 లోంచి 70.0 తీస్తే 13.2. రెండు ఊళ్ల అక్షాంశాలకి సగటు 20.1, కాబట్టి 13.2ని 0.94తో గుణించాలి. 12.4 వస్తుంది. ఇక మిగిలింది పైథాగరస్. 4.8 వర్గం 23, 12.4 వర్గం 154, కలిపితే 177. దాని వర్గమూలం 13.3. దాన్ని 111తో గుణిస్తే 1,476 కిలోమీటర్లు.

భూమి గుండ్రాన్ని సరిగ్గా లెక్కలోకి తీసుకునే పెద్ద ఫార్ములాతో చేసినా 1,476 దగ్గరే తేలుతుంది. మొదటిసారి చేసినప్పుడు ఈ రెండూ కలిసినందుకు నాకు కలిగిన సంతోషం ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. అయితే ఈ అడ్డదారి మన దేశంలోపల దూరాలకే. డల్లాస్‌లో ఉన్న అబ్బాయి దగ్గరికి దూరం ఇలా లెక్కేస్తే ఘోరంగా తప్పుతుంది. విశాఖ నుంచి అమెరికాకి దగ్గరి దారి ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది, మన చదునైన కాగితానికి ఆ సంగతి తెలియదు.

ఇదే దూరాన్ని ఒక సైట్ 917 అంటుంది, ఇంకొకటి 797 అంటుంది. మొదటిది మామూలు మైళ్లు, ఒక్కోటి 1.609 కిలోమీటర్లు. రెండోది నాటికల్ మైళ్లు, ఒక్కోటి 1.852 కిలోమీటర్లు. అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఏముందో చూడకుండా అమ్మకి చెప్పకండి.

రోడ్డు మీద ఇదే ప్రయాణం దగ్గర దగ్గర రెండు వేల కిలోమీటర్లు. కాబట్టి రోడ్డు దూరం చూసి విమానం టైం అంచనా వేయడం కూడా కుదరదు.

మూడో పని: దూరాన్ని టైంలోకి మార్చడం

మన దేశంలో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 లాంటి జెట్‌లు పైకి చేరాక గంటకి 830 కిలోమీటర్ల చొప్పున పోతాయి. అలాగని దూరాన్ని 830తో భాగించి వదిలేస్తే తక్కువ వస్తుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ వేగం ఉండదు. గేటు దగ్గర్నుంచి రన్‌వే దాకా మెల్లగా పాకడం ఒకటి, దిగాక మళ్లీ పాకడం ఒకటి. టికెట్ మీద వేసే టైం విమానం గాల్లో ఉండే టైం కాదు. గేటు దగ్గర చక్రాలకి అడ్డు తీసిన క్షణం నుంచి అవతలి గేటు దగ్గర అడ్డు పెట్టే దాకా.

అందుకే నేను వాడే సూత్రం ఇది: కిలోమీటర్లని 800తో భాగించండి, దానికి 35 నిమిషాలు కలపండి.

విశాఖ నుంచి ముంబై నేరుగా 1,103 కిలోమీటర్లు. 800తో భాగిస్తే గంటా 23 నిమిషాలు. 35 కలిపితే గంటా 58. టికెట్ మీద సుమారు రెండు గంటలు చూపిస్తారు. ముంబై నుంచి జామ్‌నగర్ 479 కిలోమీటర్లు. 36 నిమిషాలకి 35 కలిపితే గంటా పదకొండు. ఇది జెట్ లెక్క. ఆ రూట్‌లో రెక్కల కింద పంకాలు తిరిగే ఏటీఆర్ వేస్తే దాని వేగం గంటకి 500 దగ్గరే, ఇంకో పావుగంటో ఇరవై నిమిషాలో పెరుగుతుంది. చిన్న ఎయిర్‌పోర్టుల విషయంలో ఇది తప్పకుండా చూసుకోవాలి. బుక్ చేసేటప్పుడు విమానం రకం కింద చిన్నగా రాసి ఉంటుంది.

ఒకవేళ ఎప్పటికైనా విశాఖ నుంచి జామ్‌నగర్‌కి నేరుగా జెట్ వేస్తే ఎంత పడుతుంది? 1,476ని 800తో భాగిస్తే గంటా 51, దానికి 35. రెండు గంటలా 26 నిమిషాలు.

గాలి సంగతి

పోయేటప్పుడు రెండు గంటలు, వచ్చేటప్పుడు గంటా యాభై. ఇలా టికెట్ మీద చూసి చాలామంది ప్రింటు తప్పనుకుంటారు. కాదు, గాలి. శీతాకాలంలో ఆ ఎత్తున పడమటి నుంచి తూర్పుకి గట్టిగా వీస్తుంది. గంటకి 60 కిలోమీటర్ల ఎదురుగాలి ఉందనుకుందాం. వెయ్యి కిలోమీటర్లకి ఆరు నిమిషాలు పెరుగుతుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనక నుంచి తోస్తే ఐదు నిమిషాలు కలిసొస్తుంది. ఉత్తరాదికి పోయేకొద్దీ ఈ గాలి జోరు ఎక్కువ.

వానాకాలంలో మన దక్షిణాది మీద కథ అడ్డం తిరుగుతుంది. కింద నైరుతి గాలి వీస్తుంటే, పైన పది పన్నెండు కిలోమీటర్లు దాటాక తూర్పు నుంచి పడమటికి గాలి ప్రవాహం నడుస్తుంది. దాని గురించి 1950ల్లో పరిశోధించి రాసింది మన తెలుగాయనే, తర్వాత భారత వాతావరణ శాఖకి అధిపతి అయిన పంచేటి కోటేశ్వరం. జులైలో విశాఖ నుంచి ముంబై వెళ్తూ "అరే, ముందే దించేశాడే" అనుకుంటే ఆ ఘనత పూర్తిగా పైలట్‌ది కాకపోవచ్చు.

రన్‌వే దిశ కూడా కొంచెం టైం తింటుంది. విశాఖ రన్‌వే అంకెలు 10, 28. అంటే దిక్సూచి మీద 100 డిగ్రీలు, 280 డిగ్రీలు. 28 వైపు లేస్తే ముక్కు సూటిగా పడమటికే. 10 వైపు లేస్తే ముందు సముద్రం వైపు పోయి, చుట్టు తిరిగి రావాలి. నాలుగైదు నిమిషాల తేడా. దీని కోసం టెన్షన్ పడక్కర్లేదు, మన 35 నిమిషాల్లో సర్దుకుంటుంది.

నాలుగో పని: ఏ ఊరి మీదుగా?

ఇక్కడే డబ్బూ టైమూ రెండూ పోయేది. టికెట్ సైట్ ధర తక్కువని ఢిల్లీ మీదుగా చూపిస్తుంది. లెక్క వేసి చూడండి. విశాఖ నుంచి ఢిల్లీ 1,358, ఢిల్లీ నుంచి జామ్‌నగర్ 982. మొత్తం 2,340 కిలోమీటర్లు, నేరు దూరం కంటే 860 ఎక్కువ. ముంబై మీదుగా అయితే మొత్తం 1,582, అంటే అదనంగా నూటపది కిలోమీటర్లలోపే. మధ్యలో ఆగే ఊరు దారిలో ఉందా, పక్కకి ఉందా అనేది ఈ ఒక్క కూడికతో తేలిపోతుంది. హైదరాబాద్ మీదుగా అయితే 1,567, ముంబై కంటే కూడా కాస్త తక్కువ. అయితే అక్కడి నుంచి జామ్‌నగర్‌కి మీరు వెళ్లే రోజున విమానం ఉండాలి కదా. దూరం తక్కువైనంత మాత్రాన విమానం పుట్టుకు రాదు.

అందుకని టికెట్లు వెనక నుంచి వెతకండి. విశాఖ నుంచి ముంబైకి టైం కాస్త అటూ ఇటూగా ఏదో ఒకటి దొరుకుతుంది. ముంబై నుంచి జామ్‌నగర్‌కి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ముందు ఆ చివరి విమానం ఖాయం చేసుకుని, దానికి తగ్గట్టు మొదటిది ఎంచుకోవాలి. చాలామంది దీన్ని తిరగేసి చేసి, ముంబైలో ఎనిమిది గంటలు కుర్చీలో కునికిపాట్లు పడతారు.

జామ్‌నగర్ టికెట్ మరీ ప్రియంగా ఉంటే రాజ్‌కోట్ కూడా చూడండి. 2023లో ప్రారంభమైన రాజ్‌కోట్ కొత్త ఎయిర్‌పోర్టు ఊరికి దూరంగా, అహ్మదాబాద్ వైపు హీరాసర్ దగ్గర ఉంది. అక్కడి నుంచి జామ్‌నగర్‌కి రోడ్డు మీద రెండు రెండున్నర గంటలు. కారు డబ్బులు కలిపాక కూడా చవగ్గా ఉంటేనే లాభం.

ఐదో పని: మధ్యలో ఎంత గ్యాప్ ఉండాలి

రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే ఒక రకం, వేరువేరు టికెట్లయితే ఇంకో రకం. ఒకే పీఎన్ఆర్ అయితే సామాను విశాఖలో ఇచ్చేస్తే సాధారణంగా జామ్‌నగర్‌లోనే తీసుకోవచ్చు. మొదటి విమానం లేటై రెండోది తప్పిపోతే ఇంకో దాంట్లో ఎక్కించే బాధ్యత వాళ్లది. వేరు టికెట్లయితే ఆ బాధ్యత ఎవరికీ లేదు, మీదే.

ఇది నేను డబ్బిచ్చి నేర్చుకున్న పాఠం. ఇంకోసారి వెళ్లినప్పుడు ఆరు వందలు తగ్గుతుందని రెండు వేరు టికెట్లు కొన్నాను. మధ్యలో గంటన్నర గ్యాప్. "చాలులే" అనుకున్నా. విశాఖలో ముప్ఫై నిమిషాలు లేటు. ముంబైలో బెల్టు దగ్గర నిలబడ్డాం. అమ్మ సూట్‌కేసు మాత్రం రాదే. అందులో అక్కకి పట్టుకెళ్తున్న ఆవకాయ ఉంది. మూత మీద గుడ్డ కట్టి, రెండు పాలిథిన్ కవర్లు తొడిగి, నాన్న పాత పంచెలో చుట్టిన జాడీ. చుట్టూ జనమంతా బ్యాగులు లాక్కుని వెళ్లిపోతున్నారు. ఇరవై నిమిషాలకి గుర్తు కోసం కట్టిన పసుపు రిబ్బనుతో వచ్చింది. పరుగున పైకి వెళ్తే కౌంటర్ మూసేశారు. దేశీయ విమానాలకి కౌంటర్ మామూలుగా గంట ముందే మూసేస్తారు. కౌంటర్‌లో అమ్మాయి తల అడ్డంగా ఊపింది, అంతే. టికెట్ డబ్బులు గోవిందా. మర్నాడు అదే టైంకి మళ్లీ విమానం. ఆ రాత్రంతా అమ్మ ఆవకాయ సూట్‌కేసుని ఒళ్లో పెట్టుకున్నట్టే పెట్టుకుని కూర్చుంది. (ఆవకాయ చెక్-ఇన్ సామానులోనే వేయండి. చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర తీసి పక్కన పెట్టించేస్తారు.)

కాబట్టి నా మాటగా: ఒకే పీఎన్ఆర్ అయితే రెండు గంటలు, వేరు టికెట్లయితే నాలుగు గంటలు. తక్కువ పెట్టకండి. పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తుంటే వేరు టికెట్లు అసలే వద్దు.

ముంబైలో ఇంకో చిక్కు ఉంది. టెర్మినల్ 1, టెర్మినల్ 2 పక్కపక్కన ఉండవు, బయటికి వచ్చి రోడ్డు మీద తిరిగి వెళ్లాలి. ఇప్పుడు దానికి తోడు నవీ ముంబై ఎయిర్‌పోర్టు కూడా వచ్చింది. పాతదాని కోడ్ బీఓఎం, కొత్తదాని కోడ్ ఎన్ఎంఐ. ఒక విమానం ఇక్కడ దిగి ఇంకోటి అక్కడ ఎక్కాల్సి వస్తే మధ్యలో ఊరు ఊరంతా దాటాలి. ముంబై ట్రాఫిక్‌లో నాలుగు గంటల గ్యాప్ కూడా చాలకపోవచ్చు. టికెట్ మీద "ముంబై" అని చూసి వదిలేయకుండా కోడ్ చదవండి.

మన దగ్గరా ఇదే జాగ్రత్త. విశాఖ టికెట్ కొనేటప్పుడు ఎయిర్‌పోర్టు షీలానగర్ పక్కనున్న పాతదా, భోగాపురంలోని కొత్తదా అన్నది చూసుకోవాలి. గాల్లో దూరానికి ఇరవై కిలోమీటర్ల చిల్లర తేడా, రెండు నిమిషాలు కూడా కాదు. గాజువాకలో ఉండేవాళ్లకి రోడ్డు మీద మాత్రం అది గంటకి పైమాటే.

ఆరో పని: గుమ్మం నుంచి గుమ్మానికి

ఇంట్లోవాళ్లకి చెప్పాల్సిన అంకె ఇది. మిగతావన్నీ దీనికోసమే. మధురవాడలో ఉంటున్నారు, పది గంటల విమానం అనుకోండి. ఏడుంపావుకి ఇంట్లోంచి కదలాలి. హనుమంతవాక దగ్గర, ఎన్ఏడీ కొత్తరోడ్డు దగ్గర ట్రాఫిక్‌కి చోటిచ్చి ఎనిమిదికి ఎయిర్‌పోర్టు. పదికి కదిలితే పన్నెండుకి ముంబై. రెండున్నర గంటలు ఆగి, రెండున్నరకి ఎక్కితే పావు తక్కువ నాలుగుకి జామ్‌నగర్. సామాను తీసుకుని బయటపడేసరికి నాలుగుంపావు, వల్సురా గేటు దాకా ఇంకో అరగంట. మొత్తం తొమ్మిదిన్నర గంటలు. అందులో విమానం నిజంగా గాల్లో ఉన్నది రెండున్నర గంటలే.

విశాఖ, జామ్‌నగర్ రెండూ రక్షణ శాఖ ఎయిర్‌ఫీల్డులు. ఇక్కడ నేవీ, అక్కడ ఎయిర్‌ఫోర్స్. వాళ్ల అవసరాలు ముందు, మన విమానాలు తర్వాత. ఫోటోలు తీయకూడదు. కిటికీ తెర దించమంటే దించాలి. 2025 మే నెలలో సరిహద్దు ఉద్రిక్తతలప్పుడు జామ్‌నగర్‌తో సహా 32 ఎయిర్‌పోర్టులు కొద్ది రోజులు పౌర విమానాలకి మూసేశారు. అలాంటి రోజుల్లో ఏ లెక్కా నిలబడదు, రైలే దిక్కు.

టైం టేబుల్ ఏడాదికి రెండుసార్లు మారుతుంది. మార్చి చివరి ఆదివారం నుంచి ఎండాకాలం షెడ్యూల్, అక్టోబర్ చివరి ఆదివారం నుంచి చలికాలం షెడ్యూల్. ఆ తేదీకి ముందే బుక్ చేసి తర్వాత ప్రయాణం పెట్టుకున్నవాళ్లు మెసేజ్‌లు చూసుకుంటూ ఉండాలి. రెండు విమానాల్లో ఒకటి గంట ముందుకి జరిగినా గ్యాప్ చెడిపోతుంది. బయల్దేరే ముందు వారం రోజులు ఫ్లైట్‌రాడార్ 24 అనే సైట్‌లో ఆ విమానం నంబర్ కొట్టి చూడండి, రోజూ ఎన్నింటికి లేచి ఎన్నింటికి దిగుతోందో కనిపిస్తుంది. వారంలో నాలుగు రోజులు లేటంటే మీ రోజు కూడా లేటే అనుకుని గ్యాప్ పెంచుకోండి.

విదేశీ ప్రయాణమైతే టికెట్ మీద రెండు టైములూ ఏ ఊరివి ఆ ఊరివే. విశాఖలో రాత్రి 11కి ఎక్కి సింగపూర్‌లో తెల్లవారి 5:45కి దిగితే అది పావు తక్కువ ఏడు గంటల ప్రయాణమేం కాదు. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందుంది. అది తీసేస్తే నాలుగుంపావు. మన సూత్రంతో 2,915 కిలోమీటర్లకి కూడా అంతే వస్తుంది, చూసుకోండి.

జామ్‌నగర్‌కి ఈ బాధ లేదు, గడియారం ఒకటే. మన దేశపు టైముకి ఆధారమైన 82.5 డిగ్రీల గీత కాకినాడ దగ్గర్నుంచి పోతుంది, విశాఖ దాని పక్కనే. జామ్‌నగర్ పన్నెండున్నర డిగ్రీలు పడమటికి ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ సూర్యుడు యాభై నిమిషాలు ఆలస్యం. జూన్‌లో వెళ్లినప్పుడు అమ్మ ఏడుంపావుకి సంధ్యాదీపం పెడదామని వరండాలోకి వచ్చి చూస్తే, ఆరేసిన బట్టల మీద ఇంకా ఎండ ఉంది. గోడ గడియారం పాడైందేమో అని బావని బ్యాటరీ మార్చమంది. మీవాళ్లని పంపేటప్పుడు ఈ ఒక్క సంగతి ముందే చెప్పి పంపండి.